పాత ర్యాంకులు

పెనం మీద నాలుగో దోసె పోస్తుండగా నాగదుర్గకు గుర్తొచ్చింది. సర్వర్‌లో పాత ర్యాంకులు తీసేయలేదు.

భీమవరంలో ఓ చిన్న కంప్యూటర్ ఆఫీసులో పనిచేస్తూ, ఒక ఇంజనీరింగ్ కాలేజీ వెబ్‌సైట్ చూసుకుంటుందామె. ఎవరు మార్కుల పేజీ తెరిచినా సర్వర్ రెండువేల మంది మార్కులూ మొదటినుంచి కూడి ర్యాంకులు కట్టేది. పదిమంది ఒకేసారి తెరిస్తే ఆగిపోయేది. పోయిన నెల ఆమె, ఒకసారి కట్టిన ర్యాంకుల్ని మెమరీలో ఉంచి, అడిగినవాళ్ళందరికీ అవే ఇచ్చేలా మార్చింది. పేజీ వెంటనే తెరుచుకుంది. “మావాళ్ళంతా కష్టపడ్డారండి” అని యజమాని సత్యప్రసాద్ కాలేజీకి చెప్పుకున్నాడు. ఆ పని చేసింది ఆమె ఒక్కతే.

నిన్న సాయంత్రం రీవాల్యుయేషన్ మార్కులు ఎక్కించింది. ఇంతలో చుట్టాలొచ్చారు, తొందరగా రమ్మని అత్తగారి ఫోను. ఆ కంగారులో పాత ర్యాంకులున్న మెమరీ ఖాళీ చేయకుండానే లేచొచ్చింది. పదింటికి కాలేజీవాళ్ళు ఆ పేజీని బట్టే క్యాంపస్ ఇంటర్వ్యూకి పేర్లు తీస్తారు. ఇప్పుడు తొమ్మిదిన్నర. తప్పిన సబ్జెక్టులో రూతు అనే అమ్మాయి పాసైందని, మార్కులు ఎక్కిస్తూ నాగదుర్గ నిన్న ఎంత సంబరపడింది! పేజీలో ఆ పిల్ల ఇంకా ఫెయిలే.

చెయ్యి కడుక్కుంటుంటే భర్త గణేష్‌బాబు పేపరు దించాడు. “చుట్టాలకి టిఫిన్ పెట్టి వెళ్ళు. మీ ఆఫీసులో మగాళ్ళు లేరా ఏంటి?”

ఎప్పుడూ ఆ మాటకి ఆగిపోయేది, ఈసారి ఆగలేదు. “పిండి గిన్నెలో ఉందండి, పెనం వేడిగానే ఉంది. పోసుకోండి” అని ఆటో ఎక్కింది.

ఆఫీసు చేరేసరికి పదీ పది. మెమరీ ఖాళీ చేసింది. కొత్త ర్యాంకులొచ్చాయి, రూతు పాస్. కానీ కాలేజీలో అప్పటికే పాత ర్యాంకులతో లిస్టు తయారుచేసేశారు. సత్యప్రసాద్ గొంతు తగ్గించి, కాలేజీకి ఫోను చేయొద్దన్నాడు. తర్వాత ఎవరైనా అడిగితే కరెంటు పోయిందని తాను చెబుతాడట. ఒక్క పిల్ల కోసం ఆఫీసు పరువు తీసుకుంటామా అన్నాడు.

నాగదుర్గ నిలబడే నంబరు నొక్కింది. ఫోనెత్తిన లెక్చరర్, ఆడగొంతు వినగానే, “మీ సార్‌కి ఇవ్వమ్మా” అన్నాడు.

“సార్ ఎదురుగానే ఉన్నారండి. ఈ ప్రోగ్రాం రాసింది నేను, తప్పూ నాదే. ఆ లిస్టు ఆపి, ఈ పేర్లు కలుపుకోండి.” మొదట రూతు పేరు చదివింది.

లెక్చరర్ ఆ పేరు తిరిగి పలుకుతూ రాసుకున్నాడు.

“ఆ అమ్మాయి బయట మెట్ల మీదే కూర్చునుందమ్మా. పిలుస్తాను.”

ఆ మాట విన్నాకే నాగదుర్గ కుర్చీ లాక్కుని కూర్చుంది.