పుచ్చుకునే వైపు

“గుమ్మడికాయ ముక్కలు పెద్దగా తరుగు. వచ్చేది పెద్దమనిషి,” అన్నారు మా అత్తగారు పెరుందేవమ్మ. మనిషి పెద్దవాడైతే ముక్క ఎందుకు పెద్దదవ్వాలో తెలియదు గానీ, అలాగే తరిగాను. ఆ పొద్దు నాకు ఎవరి మీదా కోపం లేదు. సుందరరాజుగారని, చిత్తూరు దారిలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఉన్న ఆసామి మా ఇంటికి భోజనానికి వస్తున్నారు. మా పిల్లలకు బిల్డింగు ఇస్తానన్నారని మా ఆయన శేషసాయి ముందురోజు చెప్పారు. వినగానే వంటింట్లోనే నాలుగు గంతులేశాను.

మా పిల్లలంటే నేను కన్నవాళ్ళు కాదు. అలిపిరి దగ్గర రోడ్లూడ్చే ఆడవాళ్ళు, దువ్వెనలూ పూసలూ అమ్ముకునే ఆడవాళ్ళు పనికి వచ్చేటప్పుడు చంటిబిడ్డలను తెచ్చి నాకు అప్పజెపుతారు. రేకుల షెడ్డులో చీరలతో ఊయలలు కట్టి, పాలు కాచి, పగలంతా చూసుకుంటాం. ఆ షెడ్డును లాడ్జి కట్టడానికి పడగొడుతున్నారు, నెలాఖరుకు ఖాళీ చేయమన్నారు. చోటు దొరక్కపోతే, రోడ్డూడ్చే మునెమ్మ మళ్ళీ తన బిడ్డను చెత్తబండి నీడన గోనెపట్టా మీద పడుకోబెట్టుకోవాలి. నేను తనని మొదటిసారి చూసింది అట్లాగే. చూసిన ఆ నెలలోనే బ్యాంకు ఉద్యోగం వదిలేసి, ఈ పిల్లల కోసం చిన్న ట్రస్టు పెట్టాను. “జీతమొచ్చే కుర్చీ వదిలి ముక్కులు తుడిచే పని పెట్టుకుంటివి,” అన్నారు మా ఆయన. ఆ జీతం కూడా కలిస్తేనే ఈ ఇల్లు లేచిందనీ, అప్పు కాగితాల మీద ఇద్దరం సంతకాలు పెట్టామనీ ఆ వేళ ఆయనకు గుర్తు రాలేదు. “ఊళ్ళోవాళ్ళ ఉచ్చగుడ్డలు ఉతికేదానికా ఇంత సదువు సదివింది?” అన్నారు అత్తగారు. అప్పట్నించీ నాకు వీధి తలుపు లేదు. సాయంత్రం దొడ్డిదారిన వచ్చి, తలమీద నీళ్ళు పోసుకుంటేగానీ వంటింట్లోకి రానివ్వరు. జలుబు నాది, మడి ఆవిడది.

పొద్దున అన్నం ఉడికేలోపల వంటింటి గట్టు మీద ఫోను పెట్టుకుని బ్లాగు రాస్తాను. దాని పేరు ‘పుచ్చుకునే వైపు’. దానం గురించి ఇచ్చేవాళ్ళు రాసుకున్నది కొండంత ఉంది, పుచ్చుకునేవాళ్ళ వైపు నిలబడి చూసిందే తక్కువ. పాత చొక్కాలు ఇచ్చేవాళ్ళు బొత్తాలు ఎందుకు కత్తిరించుకుని ఇస్తారు? బిడ్డ చేతిలో అరటిపండు పెట్టి, ఫోటో తీసేదాకా తొక్క వలవనివ్వకపోవడం ఏ రకం పుణ్యం? ఇలాంటివే రాస్తాను. మొదట్లో ఎవరూ చూడలేదు. ఇప్పుడు హైదరాబాదు నుంచీ బెంగుళూరు నుంచీ సంస్థలు నడిపేవాళ్ళు చదువుతున్నారు, సలహాలు అడుగుతున్నారు. పేరు మాత్రం పెట్టుకోలేదు. “మన ఇండ్లల్లో ఆడోళ్ళ పేర్లు బజార్న పెట్టుకోరు. ట్రస్టు పేరు సాల్లే,” అన్నారు మా ఆయన. మాట ముఖ్యం గానీ పేరుదేముందిలే అనుకున్నాను. మనకి అట్లా అనుకోవడం చిన్నప్పుడే నేర్పుతారు, పాలతోపాటు.

రాజుగారు వచ్చారు. హాలు నడుమ ఆకులు వేశాం. ఒకసారి బిడ్డకు జ్వరమని నన్ను వెతుక్కుంటూ మునెమ్మ వస్తే, అత్తగారు తనని గేటు బయటే నిలబెట్టారు. రాజుగారికి మాత్రం తానే దగ్గరుండి ఆకు కడిగించారు. డబ్బుకు మైల అంటదు కాబోలు. మగవాళ్ళిద్దరూ కూర్చున్నారు. వాళ్ళు తిని లేస్తేగానీ ఆడవాళ్ళం ఆకు ముందు కూర్చోకూడదు, అది మా ఇంటి ఆనవాయితీ.

పులిహోర వడ్డిస్తుంటే రాజుగారు మా ఆయన వైపు తిరిగారు. “సామీ, మీరు రాసేది మా పాప ఫోన్లో సదివి వినిపిస్తాదబ్బా. పుచ్చుకునేవాళ్ళని ఎండలో నిలబెట్టొద్దని రాసినారే, కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి.”

గరిటె పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. ఇప్పుడు చెబుతారు, ఇదిగో ఇప్పుడు చెబుతారు అని మా ఆయన నోటివైపే చూశాను.

“ఏదో, మీ అభిమానం,” అన్నారు ఆయన.

తర్వాత పులిహోర కలుపుకున్నారు. ఇంకొంచెం వెయ్యమని నాకు చేత్తో సైగ కూడా చేశారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నన్ను తిట్టారు, ఎగతాళి చేశారు, పదిమందిలో ‘మా ఆవిడకు పిల్లల పిచ్చి’ అని నవ్వించారు. అవన్నీ ఓర్చుకున్నాను. ఇది వేరు. నా తలలోకి చెయ్యి పెట్టి, అందులో ఉన్నది తీసుకుని, తన ఆకులో వేసుకున్నారు.

“ప్రారంభోత్సవం మా అమ్మ పేరుతో ఘనంగా చెయ్యాల,” అంటున్నారు రాజుగారు. “పిల్లకాయల్ని, వాళ్ళ తల్లుల్ని గేటు కాడ్నుంచి వరసగా నిలబెడదాం. టీవీవాళ్ళు వస్తారు. ఇంగ నెలకొకసారి ఫోటోలు పంపితే సాలు. ట్రస్టుకు పెసిడెంటుగా మీరుంటానంటిరి గదా, నాకు అదే ధైర్యం. ఆడోళ్ళ చేతుల్లో ఉంటే ఎంతకాలం నడస్తాదో నమ్మలేం సూడండి.”

“కాగితాలు రాయించినాను రాజుగారూ. మా ఆవిడ కమలిని సంతకం ఒక్కటే బాకీ. అదెంతసేపు!” అన్నారు మా ఆయన. తర్వాత నా వైపు చూడకుండానే, “సాత్తుముదు తేమ్మా,” అన్నారు. మా ఇళ్ళల్లో చారును అట్లా అంటారు.

వంటింట్లోకి వెళ్ళాను. సంతకం పెడితే ఏమవుతుంది అని నిజంగానే ఆలోచించాను. పిల్లలకు పక్కా చోటు, ఫ్యాన్లు, నీళ్ళు. పేరు పోతే పోయింది, బిడ్డలకు నీడ దొరుకుతుంది కదా. ఏడుపొచ్చింది. ఆ తర్వాత గేటు దగ్గర ఎండలో చంటిబిడ్డను చంకనేసుకుని, టీవీవాళ్ళు రమ్మన్నప్పుడు దండం పెడుతున్న మునెమ్మ కనబడింది. ఏడుపు ఆగింది. ఒళ్ళు మండింది.

సాత్తుముదు గిన్నెతో పాటు ఒక ఆకు కూడా తెచ్చాను. మా ఆయన పక్కన, రాజుగారికి ఎదురుగా పరుచుకుని కూర్చున్నాను. నాకు నేనే అన్నం పెట్టుకున్నాను.

“ఏందే ఇది, మగోళ్ళ పంక్తిలో!” అన్నారు అత్తగారు.

“రాజుగారూ, ఆ బ్లాగు రాసేది నేను. ట్రస్టు పెట్టిందీ నేనే, దానికి ప్రెసిడెంటునీ నేనే, రేపు కూడా నేనే. మీ అమ్మగారి పేరు సంతోషంగా పెట్టుకుంటాం. బిడ్డలను వరసలో నిలబెట్టం, ఫోటోలు పంపం. అట్లా ఇవ్వగలిగితే ఇవ్వండి. లేకపోతే కడుపునిండా తిని వెళ్ళండి, కోపమేం లేదు.”

రాజుగారు మా ఆయన మొహంలోకి చూశారు. “సామీ, నిజమా?” అన్నారు. మా ఆయన తల ఎత్తకుండా సాత్తుముదు పోసుకున్నారు. దాంతో ఆ పెద్దమనిషికి తెలిసిపోయింది. “బరువులు మోసేదానికి మగదిక్కు లేనిదే నేను పెట్టుబడి పెట్టనమ్మా,” అని లేచారు. చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయారు. అత్తగారు తువ్వాలు పట్టుకుని ఆయన వెనకే గేటుదాకా పరిగెత్తారు.

కారు కదిలిన చప్పుడు వినిపించాక మా ఆయనకు గొంతొచ్చింది. “మానం తీసినావు గదే! చేతికొచ్చిన బిల్డింగు పోగొట్టినావు. నెలాఖరుకు ఆ పిల్లకాయల్ని యాడ పెట్టుకుంటావు ఇప్పుడు?”

“ఈడనే,” అన్నాను, అన్నం కలుపుకుంటూ. “ఈ హాల్లోనే. దూలానికి నాలుగు ఊయలలు పడతాయి, మిగతావాళ్ళకు చాపలు. సోమవారం తెల్లారగానే మునెమ్మ బిడ్డను తీసుకొస్తుంది. అప్పటికి నేను పాలు కాస్తుంటాను. మీరు వెళ్ళి వీధి తలుపు తీయండి.”