అబీదా బీ మీద కట్టిన పాట

దావూద్ కన్నతల్లి మీద పాట కట్టాడు. అందులో మాటలుండవు. మాటల్లేనిదాన్ని పాట అనొచ్చో లేదో మనకెందుకు, అతను పాటే అంటాడు. అతను వాయించేది జాజ్. సొంతూరు బేతంచెర్లలో మాత్రం జాజ్ అంటే పెళ్లి బ్యాండు వాళ్లు వాయించే డ్రమ్ముల సెట్టు. దావూద్ ఆ బ్యాండులోనే మేనమామ నిస్సార్ పక్కన నిలబడి క్లారినెట్ నేర్చుకున్నవాడు. తర్వాత బెంగుళూరు హోటళ్లలో ఆరేళ్లు శాక్సాఫోన్ ఊదాడు. జాజ్ అంటే సెట్టు కాదని, అదొక సంగీతమని, ఎవరి రాగం వాళ్లు అప్పటికప్పుడు అల్లుకోవచ్చని అక్కడే తెలుసుకున్నాడు. ఇప్పుడు కర్నూల్లో కాపురం. బళ్లో పిల్లలకు కీబోర్డు నేర్పుతూ, మిగిలిన పొద్దంతా తనవాళ్ల మీద పాటలు కట్టడమే పని.

మొదట భార్య షాహీనా మీద కట్టాడు. ఆమె విని, "నేనింత గడగడా మాట్లాడతానా?" అని రెండు రోజులు మూతి ముడుచుకుంది. తర్వాత మేనమామ మీద కట్టాడు. ఆయన పోయి నాలుగేళ్లయింది కాబట్టి పేచీ రాలేదు. మూడోది తల్లి మీద. అక్కడే కొంప మునిగింది.

అతని తల్లి అబీదా బీ ఇరవై రెండేళ్లుగా బేతంచెర్లలో రామలింగప్ప బండల ఫ్యాక్టరీలో పనిచేస్తోంది. పాలిష్ అయిన నాపబండల్ని షెడ్డు పక్కన వరసగా నిలబెడతారు. ఆమె బెత్తెడు ఇనుప బోల్టు పట్టుకుని ఒక్కో బండనూ తట్టుకుంటూ పోతుంది. మంచి బండ ఖంగుమంటుంది. లోపల పగులుంటే, పైకి ఎంత మెరుస్తున్నా సరే, దబ్బుమంటుంది. అప్పుడామె "ఇది వద్దు, పక్కన పెట్టప్పా" అంటుంది. వెనక వచ్చే కంబన్న దాన్ని లాగి పక్కన పెడతాడు. మిగిలినవి లారీ ఎక్కుతాయి. కడపలో బండల వ్యాపారం చేసే బొజ్జన్న పన్నెండేళ్లుగా ఒక్క బండనూ తిప్పి చూసింది లేదు. "అబీదమ్మ చెయ్యి పడిందా? అయితే ఎక్కీండి" అంటాడు, టీ తాగి పోతాడు. అక్షరం ముక్క రాని మనిషికి అంతకంటే పెద్ద సర్టిఫికెట్టు ఎవరిస్తారు?

పోయిన వేసవి సెలవుల్లో దావూద్ ఫోనులో రికార్డింగు పెట్టి ఆమె వెంట అరగంట నడిచాడు. మొత్తం నూట నలభై బండలు. దబ్బుమన్నవి రెండే రెండు. అతనికి నచ్చినవీ ఆ రెండే. ఖంగుఖంగుమని సాగిపోతున్న వరసలో ఆ మొద్దు చప్పుడు పడగానే ఒళ్లు ఝల్లుమంది. అదేమి చప్పుడో తెలియక కాదు. చిన్నప్పుడు రోజూ అన్నం క్యారియరు మోసుకొచ్చి ఆ షెడ్డులోనే కూర్చున్నవాడు. కానీ పాట కట్టే ఊపులో అది పగిలిన బండని ఎక్కడ గుర్తుంటుంది? అతని చెవికది తాళం, అంతే.

ఇంటికొచ్చి కంప్యూటరు ముందు కూర్చుని, మూడు ఖంగులకొక దబ్బు చొప్పున పేర్చుకుంటూ పోయాడు. ఒక్కటే అడ్డం వచ్చింది. దబ్బుమన్న వెంటనే తల్లి మాట వినబడుతోంది. ఇరవై రెండేళ్లు రాతిదుమ్ము మింగిన గొంతు, గరగరమంటూ. శాక్సాఫోన్ మెత్తగా అందుకునే చోట అది పంటి కింద రాయిలా తగిలింది. డ్రమ్ములు వాయించే భూపేష్ "ఉండనీ అన్నా, ఆ మాటలోనే ఏదో ఉండాది" అన్నాడు. దావూద్ వినిపించుకోలేదు. మాట తీసేశాడు.

కర్నూల్లో ఆ పాటతో చేసిన కచేరీ బాగా జరిగింది. రెండు వందల మంది దాకా వచ్చారు. దావూద్ మైకు అందుకుని, "ఇది మా అమ్మ చేతి చప్పుడు. ఫ్యాక్టరీలో ఎట్లా మోగిందో అట్లాగే పెట్టాను. ఒక్క చప్పుడు కూడా మార్చలేదు" అన్నాడు. అబద్ధం చెప్పాలని చెప్పలేదు. మైకు చేతికొచ్చేసరికి నాలుక నిలవలేదు. పాట అయిపోయాక జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఒక పెద్దాయన కళ్లు తుడుచుకున్నాడు. ఆ వీడియో ఫోనూ ఫోనూ దాటుకుంటూ బేతంచెర్ల చేరింది.

మూడు వారాల తర్వాత, సెలవు శనివారం నాడు, దావూద్ మిఠాయి డబ్బా చేతబట్టుకుని బేతంచెర్లలో బస్సు దిగాడు. తల్లి నోట ఒక మంచిమాట వినాలని అతని ఆశ. టీ కొట్టు దగ్గర బండలెత్తే హమాలీలు నలుగురు నిలబడి ఉన్నారు.

"ఏమప్పా దావూదూ, పాట శానా బాగుండాది. నాలుగింట్లో ఒకటి పగులుడే గదా!" అన్నాడొకడు. మిగతావాళ్లు కిసుక్కుమన్నారు. దావూద్ కూడా నవ్వాడు. మెచ్చుకుంటున్నారనే అనుకున్నాడు, పిచ్చి మారాజు.

ఫ్యాక్టరీకి వెళ్లేసరికి తల్లి బండలు తడుతోంది. ఆమె వెనక కంబన్న. కానీ ఈసారి కంబన్న చేతిలో కూడా ఒక బోల్టు ఉంది. ఆమె తట్టి వదిలిన ప్రతి బండనూ అతను మళ్లీ తడుతున్నాడు. ఆమె వెనక్కి తిరగడం లేదు. కంబన్న దావూద్‌ను చూసి తల దించుకున్నాడు.

దావూద్ గబగబా రామలింగప్ప దగ్గరికి పోయాడు. "అప్పా, కంబన్న మళ్లా ఎందుకు కొడ్తాండాడు?"

"నన్నడుగుతాండావా?" అన్నాడు రామలింగప్ప. "ఒక్క చప్పుడు కూడా మార్చలేదని మైకులో చెప్పింది నువ్వే గదా. బొజ్జన్న కడప నుంచి ఫోన్ చేసి నీ పాట పెట్టి వినిపిచ్చినాడు. మూడు మంచివి, ఒకటి పగులుడు. మళ్లా మూడు, మళ్లా ఒకటి. ఆయమ్మ యాడా నిలబడలా, యాడా వద్దనలా. తట్టుకుంటా పోతానే ఉండాది. 'ఇన్నేండ్లూ మాకు ఇట్లనే ఎక్కిచ్చినారా?' అని అడిగినాడు. కన్నకొడుకే సాక్ష్యం చెప్పినంక నేనేం జెప్పేది?"

"మా అమ్మ ఏమనింది?"

"ఏమంటాది? కంబన్నను ఎనక పెడతానక్కా అంటే సరేలేప్పా అనింది. నీ ఊసు మాత్రం ఎత్తలా."

దావూద్‌కు ముఖం భగ్గుమంది. నా కొడుకు మార్చినాడు, నా మాట తీసేసినాడు అని ఆమె ఒక్కమాట అంటే అయిపోయేది. కొడుకు నలుగురిలో అబద్ధాలకోరు అవుతాడని ఆమె నోరు మెదపలేదు. ఇన్నాళ్లూ అందరి ముందు దొంగలా నడిచింది. ఈ మూడు వారాలూ అతను కర్నూల్లో చప్పట్లు తలుచుకుని మురిసిపోతున్నాడు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

అయినా మనసు చూడండి, అప్పుడు కూడా గుట్టుగా గండం గడిచే దారే వెతికింది. రామలింగప్పను పక్కకు పిలిచి చెవిలో చెబితే సరిపోతుంది కదా అని ఒక క్షణం అనుకున్నాడు. అలా అనుకున్నందుకు మరింత సిగ్గుపడ్డాడు.

భోజనాలకు మిషన్లు ఆపారు. తల్లికి పాట వినిపిద్దామని తెచ్చుకున్న చిన్న స్పీకరును దావూద్ సంచిలోంచి తీసి బండల మీద పెట్టాడు. బొజ్జన్నకు ఫోన్ కలపమని రామలింగప్పను అడిగాడు. హమాలీలు, పాలిష్ పనివాళ్లు క్యారియర్లు పట్టుకుని చుట్టూ చేరారు. అతను అసలు రికార్డింగు పెట్టాడు. ఖంగు, ఖంగు, ఖంగు. విని విని జనం విసుక్కునే వేళకు దబ్బుమంది. వెంటనే అబీదా బీ గొంతు: "ఇది వద్దు, పక్కన పెట్టప్పా." మళ్లీ ఎంతసేపటికో ఇంకొకటి. మళ్లీ అదే మాట.

"నూట నలభైకి రెండు" అన్నాడు దావూద్. "ఆ రెండింటినే తిప్పి తిప్పి పెట్టింది నేను. మా అమ్మ మాట తీసేసింది నేను. ఏం మార్చలేదని అబద్ధం చెప్పింది నేను. తప్పంతా నాది."

ఫోనులోంచి బొజ్జన్న, "అబీదమ్మా, తప్పయిపోయింది తల్లీ" అన్నాడు. రామలింగప్ప కంబన్న చేతిలోని బోల్టు లాక్కుని రాళ్లకుప్పలోకి విసిరేశాడు. హమాలీలు దావూద్ వైపు ఒక్కసారి చూసి అన్నాలకు కూర్చున్నారు. ఒక్కడైనా తిడితే బాగుండుననిపించింది అతనికి.

అబీదా బీ కొంగుతో చేతులు తుడుచుకుంటూ దగ్గరికి వచ్చింది. కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

"నా మాట ఎందుకు తీసేసినావు నాయనా?"

తాళానికి కుదరలేదమ్మా అనొచ్చు. ఆమె నమ్మేది కూడా. దావూద్ ఇక ఆమెతో అబద్ధమాడలేకపోయాడు.

"గరగర అంటాందమ్మా. పాట చెడిపోతాదనుకున్నా."

అందరూ విన్నారు. ఆమె కాసేపు ఆ స్పీకరు వంకే చూసింది.

"అవునులే" అంది. "నా గొంతు బయట ఎట్ల వినిపిస్తాదో నాకూ ఈపొద్దే తెలిసింది. ఇన్నేండ్లూ ఎవురూ చెప్పలా. తీసేసి మంచి పనే చేసినావు."

ఆమె అతని భుజం తట్టి, "తిన్నావా?" అని అడిగి, తన క్యారియరులోంచే అన్నం పెట్టింది. అతను తిన్నాడు. తినకపోతే ఆమె ఊరుకోదు.

భోజనాలయ్యాక మిషన్లు మళ్లీ మొదలయ్యాయి. అబీదా బీ బోల్టు తీసుకుని వరస దగ్గరికి పోయింది. కంబన్న మామూలుగా, ఖాళీ చేతులతో, వెనక నడిచాడు. పది పన్నెండు బండలు ఖంగుమన్నాయి. తర్వాతిది దబ్బుమంది. కంబన్న ఆమె మాట కోసం ఆగాడు. ఆమె నోరు తెరవలేదు. చెయ్యెత్తి పక్కకు చూపించింది.

"ఏందక్కా?" అన్నాడు కంబన్న, అర్థం కాక.

ఆమె మళ్లీ చెయ్యే ఊపింది. కంబన్న దావూద్ వైపు ఒకసారి చూసి, వంగి, ఆ బండను పక్కకు లాగాడు. నోటితో చెప్పమ్మా అని అరవాలనిపించింది దావూద్‌కు. అరవడానికి అతనికి ముఖం చెల్లలేదు. ఆ మధ్యాహ్నం ఇంకో రెండు పగుళ్లు తేలాయి. రెండింటికీ ఆమె చెయ్యే చూపించింది.