తప్పిన గుండీలు

రైల్ రోకో రెండో రోజు మధ్యాహ్నం, జనగామ సర్కారు దవాఖానలో సోనికి అరచేతుల చెమట ఆరడం లేదు. హౌస్ సర్జన్‌గా చేరి తొమ్మిది రోజులే అయింది. డ్యూటీ డాక్టర్ వెంకట్రాం సార్ ఆపరేషన్ థియేటర్లో ఉన్నాడు. క్యాజువాలిటీలో ఉన్నది తనూ, నర్సు గీతా. గుమ్మం పక్కన బెంచీ మీద ఒక కానిస్టేబుల్. పొద్దున స్టేషన్ దగ్గర పట్టాల మీద కూర్చున్న జనాన్ని పోలీసులు తరిమారు. దెబ్బలతో ఎవరైనా వస్తే పేర్లు రాసుకొమ్మని అతన్ని అక్కడ కూర్చోబెట్టారు.

ఇరవై ఏళ్ల అబ్బాయిని తల్లి పట్టుకుని నడిపించుకొచ్చింది. సోని కేసు షీటు మీద వంచిన తల ఎత్తకుండా, కాలేజీలో నేర్పిన వరుసలోనే అడిగింది.

“పేరు చెప్పండి.”

“దినేశ్, మేడం. పాలకుర్తి కాడ తండా.”

“నొప్పి ఎప్పటి నుంచి ఉందండీ?”

“పొద్దుగాల సంది,” అని తల్లి చంద్రి అందుకుంది. “రాత్రి కోడికూర తిన్నడు మేడం. పడలే.”

“దెబ్బ ఏమైనా తగిలిందా?”

“లేదు, లేదు.”

సోని నాడి చూసింది, నూరు కొట్టుకుంటోంది. చొక్కా మీద నుంచే కడుపు నొక్కి, గ్యాస్ నొప్పి అనుకుని సూది రాసింది. ఆ చొక్కా గుండీలు ఒక కాజాకు బదులు ఇంకో కాజాలో పెట్టి ఉన్నాయి. చూసింది గానీ పట్టించుకోలేదు.

చంద్రి కొడుకు మీదికి వంగి లంబాడీలో గొణిగింది. పట్టాల ముచ్చట ఎత్తకు, ఈ తెల్లకోటామె రాస్తది, ఆ బెంచీ మీదోడు నిన్ను పట్టుకపోతడు అని.

సోనికి ప్రతి ముక్కా అర్థమైంది. ఆమెది తరిగొప్పుల పక్క తండా. మొదటి ఏడాది హాస్టల్లో “కడుపుల నొస్తున్నది” అన్నందుకే గది గదంతా పడీపడీ నవ్వింది. ఇక ఇంటి మాట లంబాడీ అని బయటపడితే ఇంకేమంటారోనని, తల్లికి ఫోన్ చేయాలన్నా మేడ మీదికి పోయేది. ఐదేళ్లు అలా దాచుకుంది. ఇప్పుడు నోరు విప్పితే గీత వింటుంది, బెంచీ మీది మనిషీ వింటాడు. దాన్ని మించిన భయం ఇంకోటుంది. ఈ అబ్బాయి నిజం చెబితే తను రాయాలి. రాస్తే ఆ మనిషి లేచి వస్తాడు.

మళ్లీ నాడి పట్టింది. నూట ఇరవై. పెదవులు పాలిపోయాయి.

“మేడం, ఎడమ భుజం గుంజుతున్నది,” అన్నాడు దినేశ్.

సోనికి ప్లీహం పగిలి కడుపులోకి నెత్తురు కారితే నొప్పి ఎడమ భుజానికి పాకుతుందని పరీక్షకు బట్టీపట్టిన పేజీ గుర్తొచ్చింది.

“గీతక్కా, సూది ఆపు. తెర గుంజు.” కానిస్టేబుల్ దగ్గరికి నడిచింది. “అన్నా, జర బయట కూసో. పేషెంటు అంగి విప్పాలె.”

“కొత్త డాక్టరమ్మకు గరం బాగనే ఉన్నదే,” అన్నాడు గానీ, లేచి వెళ్లాడు.

సోని స్టూలు లాక్కుని దినేశ్ పక్కన కూర్చుంది. “యాడీ,” అని చంద్రిని పిలిచింది. అమ్మా అని. ఆ తర్వాతవన్నీ తండా మాటలే.

చంద్రి నోరు తెరిచింది. “మనదానివేనా? గింతసేపు దొరసాని లెక్క మాట్లాడితివి గదనే!”

“తప్పే, యాడీ. తమ్మీ, చెప్పు. యాడ పడ్డవ్?”

“చెప్తే రాస్తవా?”

రాయనంటే ఒక్క నిమిషంలో చెప్పేస్తాడు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. సోని దాన్ని మింగేసింది.

“రాస్త. నీకు అబద్ధం చెప్ప. దెబ్బ యాడ తగిలిందో రాయకుంటే వరంగల్ల కోసేటోళ్లకు ఎట్ల తెలుస్తది? పోలీసోళ్లకు కబురు జెయ్యాలె, అది కాయిదా, తప్పదు. కానీ నువ్వు ఎందుకు పోయినవ్, ఎవలెవలు ఉన్నరు, గవి నేనడగ.”

“కేసైతే వానికి నౌకరి రాదు బిడ్డా,” అని చంద్రి సోని చెయ్యి పట్టుకుంది.

“కేసు కావాలన్నా మనిషి బతికుండాలె గదా, యాడీ.”

చంద్రి చెయ్యి వదిలేసింది. దినేశ్ కళ్లు మూసుకున్నాడు. “ఉరుకుతాంటే కాలు మెలివడ్డది. పట్టా మీద పక్కకు వడ్డ. అంగి చినిగితే అమ్మ వేరేది తొడిగింది.”

గుండీలు విప్పితే ఎడమ పక్కటెముకల కింద అరచేతి వెడల్పున కమిలిపోయి ఉంది.

సోని థియేటర్ తలుపు దాకా పరుగెత్తింది. వెంకట్రాం సార్ లోపలి నుంచే విన్నాడు. “మొదలే అంగి ఎత్తి చూడలేదా?”

“లేదు సార్.”

“రెండు చేతులకూ సెలైన్ పెట్టు. ఇక్కడ నెత్తురు లేదు. నూట ఎనిమిదిల వరంగల్ పంపు. జల్ది!”

అంబులెన్స్ గేటు దాటాక కానిస్టేబుల్ షీటు అందుకుని చదివాడు. “పట్టా మీద పడి దెబ్బ. మంచిగనే రాసినవ్. ఎందుకు ఉరికిండంట?”

“నేనడగలేదన్నా.”

“అడగాలె గదా?”

“దవాఖానల అది అడగం.” సోని షీటు కోసం చెయ్యి చాపింది. అతను దినేశ్ పేరు మాత్రం రాసుకుని ఇచ్చేశాడు.

ఆ తర్వాత వచ్చిన ప్రతివాళ్ల చొక్కానూ సోని ఎత్తించి చూసింది. ఫోన్ మోగినప్పుడల్లా ఉలిక్కిపడింది. బాగా పొద్దుపోయాక గీత రిసీవర్ అందించింది. “వరంగల్ నుంచి. నీకే.”

అవతల చంద్రి ఏడుస్తోంది. సోని రిసీవర్‌ను చెవికి గట్టిగా అదుముకుంది.

“పగిలినదాన్ని తీసేసిండ్రంట. కండ్లు తెరిసిండు బిడ్డా,” అంది చంద్రి. “పోలీసులు వస్తరేమో. నువ్వు రాసిందే, ఎక్కువ తక్కువ లేకుంట, వాళ్లకు నువ్వే చెప్తవా?”

గీత చూస్తోంది. కానిస్టేబుల్ చూస్తున్నాడు. సోని గోడవైపు తిరగలేదు.

“చెప్త యాడీ,” అంది తండా మాటలో, అందరికీ వినపడేలా.