అందరికీ పంచేసిన పేరు

"రోసా ఎవరు?"

తిర్త్సా అల్మోగ్ ఆ మాట అనగానే మ్యూలెన్ వీధిలో పార చప్పుడు ఆగిపోయింది.

పేవ్‌మెంటు మీద పరిచిన పాత తువ్వాలు మీద మూడు రాళ్లున్నాయి. అరచేతిలో పట్టేంత కాంక్రీటు దిమ్మలు, తలమీద ఇత్తడి రేకు, రేకు మీద సుత్తితో కొట్టిన అక్షరాలు. ఊళ్లోవాళ్లు వాటిని తట్టురాళ్లు అంటారు. కాలికి కాదు, కంటికి తట్టాలని. నాజీలు పట్టుకుపోయిన యూదులు చివరగా ఏ ఇంట్లో ఉన్నారో ఆ గడప ముందు పాతుతారు. ఈ ఇల్లు నుస్‌బౌమ్ కుటుంబానిది. తండ్రి యూలియుస్, తల్లి క్లారా, కూతురు రోసా.

ఆ మూడో రాయినే ఎనభై నాలుగేళ్ల తిర్త్సా చేతికర్రతో చూపిస్తోంది.

"మీ అక్కగారు కదండీ," అంది గెసీనె రౌటెన్‌బెర్గ్. సైకిళ్ల షాపు నడుపుకుంటూ, ఖాళీ ఉన్నప్పుడల్లా ఈ రాళ్ల సంఘానికి పనిచేస్తుంది. మూడు రాళ్ల మీది మాటలూ ఆమె రాసి పంపినవే.

"మా ఇంట్లో రోసా అనే పిల్లే లేదు. నువ్వు ఎవరి రాయి తెచ్చావు?"

నువ్వు అంది. పొద్దున మేయర్‌నీ నువ్వే అంది. తొమ్మిదేళ్లప్పుడు ఒంటరిగా ఇంగ్లండు వెళ్లే పిల్లల రైలెక్కి ఈ ఊరు వదిలింది తిర్త్సా. అక్క తర్వాతి రైలుకు రావాలి. యుద్ధం మొదలై ఆ తర్వాతి రైలు కదల్లేదు. తిర్త్సా జర్మన్ ఆ తొమ్మిదేళ్ల దగ్గరే ఆగిపోయింది. పెద్దవాళ్లతో పెద్దవాళ్లలా మాట్లాడే భాష ఆమెకెవరూ నేర్పలేదు.

"మీ అక్కగారి పేరు..."

"సారా!"

గెసీనె గబుక్కున రాయి వంక చూసింది.

వెనకనుంచి సంఘం అధ్యక్షుడు ఓట్‌మార్ క్లే ముందుకొచ్చాడు. జీవితమంతా స్కూల్లో చరిత్ర చెప్పినవాడు. పొరపాటు ఎక్కడ జరిగిందో తనకు తెలుసన్న ధీమాతో మెల్లగా వివరించాడు. "అమ్మా, అది నాజీలు తగిలించిన పేరు. యూదు ఆడవాళ్ల పేర్లకు సారా అనీ, మగవాళ్ల పేర్లకు ఇజ్రాయెల్ అనీ చేర్చాలని హుకుం వేశారు. వాళ్లు అంటించిన బురద మేం రాళ్ల మీదికి రానివ్వం. ప్రతి రాయి మీదా జాగ్రత్తగా తీసేస్తాం."

"ఓరి నీ జాగ్రత్త!" అంది తిర్త్సా. "ఆ రోజు మా అమ్మ పేర్లు రాసే సర్కారు ఆఫీసు నుంచి ఏడుస్తూ వచ్చింది. ఇకనుంచి నేను క్లారా సారానట అంది. మా అక్క ఏం చేసిందో తెలుసా? కాలు నేలకేసి ఠపీమని కొట్టింది. అది నా పేరు, అమ్మకెందుకిచ్చారు, పక్కింటావిడకెందుకిచ్చారు, ఒక్కరైనా నన్నడిగారా అని! మా అమ్మ ఏడుస్తూనే నవ్వేసింది. వాళ్లు అందరికీ పంచింది మా అక్క పేరు. మీరు అందరి దగ్గరా తీసేసుకుంటూ పోయి, దాని దగ్గర కూడా తీసేశారు."

తెల్ల గులాబీలు పట్టుకున్న పక్క వీధి ఆడవాళ్లు వాటివంక చూసుకుంటూ నిలబడ్డారు.

గెసీనె కళ్లముందు, తను పేర్లు ఎత్తి రాసుకున్న పాత రికార్డు కాగితం మెదిలింది. సారా రోసా నుస్‌బౌమ్. నాజీలు తగిలించిన సారా ఎప్పుడూ అసలు పేరు తర్వాత వస్తుంది. ఇక్కడ ముందుంది! కనబడుతూనే ఉంది. అయినా ఎర్ర పెన్సిలుతో కొట్టేసింది, వాళ్ల మొహాన ఉమ్మినంత తృప్తిగా.

"కొత్త రాయి చేయిద్దాం," అన్నాడు క్లే. "వరస ప్రకారం వచ్చే శరత్తుకు..."

"నువ్వు నా మొహం చూసి మాట్లాడు," అంది తిర్త్సా. "వచ్చే శరత్తుకు నేనుంటానా?"

ఆమె మనవడు యోతామ్ వచ్చి భుజం పట్టుకుని, హీబ్రూలో అమ్మమ్మా అని పిలిచాడు. "సఫ్తా, ఊరుకో. ఒంటిగంట రైలుకు వెళ్లిపోవాలి. ఇవాళ శుక్రవారం. చీకటి పడేలోగా ఫ్రాంక్‌ఫర్ట్ చేరకపోతే మన విశ్రాంతి దినం శబ్బాతుకు పెట్టే దీపాలు రైల్లో వెలిగించాలి." తర్వాత గెసీనె వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "ఈ ఒక్క ప్రయాణానికే డాక్టరు అతికష్టం మీద ఒప్పుకున్నాడండీ. మళ్లీ రావడం కుదరదు."

ఇంకో గడియారం కూడా నడుస్తోంది. గుంట తవ్విన మునిసిపాలిటీ మేస్త్రి డెట్లెఫ్ పార మీద చెయ్యానించి చెప్పాడు. "మేడమ్, శుక్రవారం. పన్నెండు కొడితే మా పార వ్యాన్ ఎక్కేస్తుంది. గుంట తెరిచి పెట్టి పోవడానికి లేదు. రాయన్నా పెడతాను, మట్టన్నా పోస్తాను."

గెసీనె వంగి రాయిని చూసింది. ROSA అన్న మాట ఒక వరసలో ఒంటరిగా, మధ్యలో ఉంది. దాని ఎడమపక్క ఇత్తడి ఖాళీగా మెరుస్తోంది. SARA అని నాలుగు అక్షరాలు పట్టే జాగా!

"అక్షరాల పోగర్లు కావాలి," అంది పైకే. "సుత్తితో కొట్టేవి. ఈ ఊళ్లో ఎవరి దగ్గరున్నాయి?"

"బహుమతి కప్పుల మీద పేర్లు వేసే కొట్టు?" అన్నారెవరో.

"వాడిప్పుడు మిషను పెట్టాడు. దాని కింద ఈ రాయి దూరదు."

"గెసీనె, ఆగు," అన్నాడు క్లే. "చేసినవాళ్లను అడక్కుండా రాయి మీద చెయ్యి వేయడానికి మనకు హక్కు లేదు."

"అయితే అడగండి! ఫోన్ మీ జేబులోనే ఉందిగా!"

అప్పుడే ఆమెకు గుర్తొచ్చింది. ఆర్గన్ గొట్టాలు! చర్చిలో వాయించే ఆర్గన్‌కు వందల గొట్టాలుంటాయి, ప్రతి గొట్టం మీదా దాని స్వరం అక్షరం కొట్టి ఉంటుంది. ఊళ్లో ఆర్గన్లు బాగుచేసేది ఒక్కడే. యోస్ట్. ఆమె మాజీ మొగుడు. విడాకులయ్యాక ఒక్కసారైనా మాట్లాడలేదు. అతను వస్తుంటే వీధి మారేది.

సైకిలెక్కేసింది.

కొండమీది చర్చికి దారి నిట్టనిలువు. తడిసిన ఆకుల మీద చక్రం రెండుసార్లు జారింది. మలుపులో చైను ఊడింది. ఊరందరి చైన్లూ బిగించే మనిషి చైను! తిట్టుకుంటూ సైకిలు గోడకేసి విసిరి, పరుగెత్తింది. తలుపు తోసేసరికి లోపల ఆర్గన్ ఒక్క స్వరం మీదే మొరాయించి మూలుగుతోంది.

"యోస్ట్! కిందికి దిగు!"

మూలుగు ఆగింది. పైన కటకటాల మీంచి బూడిదరంగు గడ్డం తొంగిచూసింది.

"కల కాదు కదా? ఇన్నేళ్లకు గుర్తొచ్చానా?"

"నీ అక్షరాల పోగర్లు కావాలి. సుత్తి కూడా."

"బావున్నావా అని అడగవా?"

"బావున్నావు, కనిపిస్తోంది, లావయ్యావు కూడా. పోగర్లు ఇస్తావా లేదా?"

"ఎందుకో చెబితే ఇస్తాను."

రెండు ముక్కల్లో చెప్పింది. తప్పు తనదేనని కూడా చెప్పింది. యోస్ట్ నవ్వు ఆపేశాడు. మెట్ల మీంచి దడదడా దిగివచ్చి తోలు సంచి విప్పాడు. ఉక్కు పోగర్లు వరసగా, ఒక్కోదాని చివర ఒక్కో అక్షరం తిరగబడి ఉంది.

"ఏ ఉంది. ఎస్ ఉంది." వేళ్లు వెతుకుతున్నాయి. "ఆర్ లేదు."

"లేదా? ఎందుకు లేదు?"

"పోయిన చలికాలంలో విరిగింది. కొత్తది తెప్పిస్తాను, తెప్పిస్తాను అనుకుంటూనే..."

"నీ బుద్ధి మారలేదు! ఇంటి కుళాయి కూడా అలాగే అయింది!"

"అరవకే! ఆర్ కావాల్సినప్పుడల్లా పి కొట్టి, ఉలితో ఒక కాలు తగిలిస్తున్నాను. దేవుడింతవరకూ అభ్యంతరం చెప్పలేదు."

గెసీనె సంచి లాక్కుంది. అతను ఆమెతోపాటే పరుగందుకున్నాడు. "నేను కొట్టేది మెత్తటి తగరం మీద. ఇది ఇత్తడి, కింద కాంక్రీటు. దెబ్బ తప్పితే రేకు చిట్లుతుంది, ఇక ఏ పేరూ ఉండదు. విన్నావా?"

"వ్యాన్ ఎక్కడ?"

వ్యాన్ చర్చి వెనకే ఉంది. కొండ క్షణాల్లో దిగింది. కింద కూడలికి వస్తే శుక్రవారం సంత అడ్డం. బండ్లు, బుట్టలు, జనం. యోస్ట్ హారన్ కొట్టాడు. క్యాబేజీ అమ్మే లావుపాటావిడ నడుం మీద చెయ్యి వేసుకుని, "ఏం, నా మీంచి పోతావా?" అంది.

ఇద్దరూ దిగి పరుగు. ఎవరి కాలో ఆపిల్ బుట్టకు తగిలింది, ఎవరో తిట్టారు. సంచిలో ఉక్కు గలగలమంటోంది. అంతలో చర్చి గంట మోగడం మొదలైంది. పన్నెండు!

మ్యూలెన్ వీధి మలుపు తిరిగేసరికి అమ్మానాన్నల రాళ్లు నేలలో కూర్చుని ఉన్నాయి. వాటి మధ్య ఒక గుంట. ఆ గుంటలో ఒక చేతికర్ర. కర్ర పైచివర రెండు చేతులూ వేసి తిర్త్సా నిలబడి ఉంది, కందకంలో జెండా పాతిన సైనికుడిలా. ఎదురుగా పారనిండా మట్టితో డెట్లెఫ్.

"ముసలమ్మ కర్ర తియ్యనంటోంది మేడమ్! నన్ను వెధవా అంది!"

"అన్నాను," అంది తిర్త్సా. "మళ్లీ అంటాను."

క్లే ఎదురొచ్చాడు. మొహం ఎర్రగా ఉంది. వద్దంటాడనే అనుకుంది గెసీనె. "రాళ్లు చేసినచోటికి ఫోన్ చేశాను," అన్నాడు. "ఈ రేకు కొట్టిన మనిషే మాట్లాడాడు. పేరు తప్పని చెబితే కొట్టెయ్యండి అన్నాడు. మొదటి దెబ్బ మెల్లగా అచ్చు పడేంత, రెండో దెబ్బ మనసులో సందేహం లేకుండా. మూడోది కొట్టొద్దట. కొడితే అక్షరం రెండుగా కనబడుతుందట." ఒక్క క్షణం ఆగాడు. "సారా తీసెయ్యమన్న నియమం రాసింది నేను, గెసీనె. పట్టుకోవడానికి ఏమైనా ఉంటే చెప్పు."

"రాయి కదలకుండా పట్టుకోండి."

చరిత్ర మాస్టారు తడి రాళ్ల మీద మోకాళ్లు వేశాడు. ఎటూ పన్నెండు దాటింది కాబట్టి డెట్లెఫ్ పార పక్కన పెట్టి వచ్చి రెండోవైపు పట్టుకున్నాడు. యోస్ట్ పోగర అందించాడు. "నేను కొట్టనా?"

"వద్దు. కొట్టేసింది నేను, కొట్టేదీ నేనే."

ఎస్. మెల్లగా ఒకటి. గట్టిగా ఒకటి. పోగర తీస్తే వంపు తిరిగిన గీత, పదునుగా.

ఏ. రెండు దెబ్బలు. బాగుంది.

పి. రెండో దెబ్బకు కాంక్రీటులో ఎక్కడో చిటుక్కుమంది. క్లే కళ్లు మూసుకున్నాడు. గెసీనె వేలితో రేకు తడిమింది. చిట్లలేదు. అంచున చిన్న పెచ్చు ఊడింది, అంతే.

"ఇప్పుడు కాలు," అన్నాడు యోస్ట్, ఉలి ఆమె చేతిలో పెట్టి. "ఏటవాలుగా. పొట్టకు తగిలించి కిందికి."

గెసీనె ఉలి మొన రెండుసార్లు పెట్టి తీసింది. తిర్త్సా నీడ రాయి మీద పడింది. వంగి చూస్తోంది, ఆమె ఊపిరి గెసీనె మెడకు తగులుతోంది.

"భయపడకు," అంది తిర్త్సా. "దానికి ఇంతకన్నా గట్టి దెబ్బలు తెలుసు."

గెసీనె కొట్టింది. ఉలి జారింది! కాలు అక్షరం దాటి, వరస దాటి, కిందికి బారుగా సాగిపోయింది. గెసీనెకు ఏడుపొచ్చింది. "అయ్యో... వంకర పోయింది..."

తిర్త్సా కళ్లద్దాలు ముక్కు మీదికి లాక్కుని చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత ఆమె భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తోందనుకున్నారు. నవ్వుతోంది.

"యోతామ్, చూడరా. ఇంకా కాలు నేలకేసి కొడుతూనే ఉంది!"

చివరి ఏ గెసీనె తడబడకుండా కొట్టింది.

డెట్లెఫ్ రాయిని గుంటలో దించి, పక్కన ఇసుక కూరి, రబ్బరు సుత్తితో తట్టి, చెయ్యి ప్యాంటుకు తుడుచుకుని టోపీ తీశాడు. క్లే లేచి నిలబడి చదివాడు. మోకాళ్ల దగ్గర రెండు తడి మచ్చలు. "ఇక్కడ నివసించింది సారా రోసా నుస్‌బౌమ్. పుట్టింది 1927. రీగాకు తరలించారు, 1941. హత్య చేశారు." గులాబీలు ఒక్కొక్కటే రాళ్ల చుట్టూ చేరాయి.

"సఫ్తా, రైలు," అన్నాడు యోతామ్ మెల్లగా.

"ఉండు. నా పని ఒకటుంది."

తిర్త్సా వీధి మధ్యకు నడిచి వెనక్కి తిరిగింది. తలెత్తి రెండో అంతస్తు కిటికీ వైపు చూసింది. రెండు చేతులూ నోటి పక్కన దోసిలి పట్టింది. ఎనభై నాలుగేళ్ల గొంతులోంచి, ఆటకు పిలిచే పిల్ల కేక బయటికొచ్చింది.

"సారా...! కిందికి రావే...!"

వీధి గోడలకు తగిలి కేక తిరిగొచ్చింది. అందరూ తలలు దించుకున్నారు. గెసీనె యోస్ట్ చెయ్యి ఎప్పుడు పట్టుకుందో ఆమెకే తెలియదు.

పైన గడియ తీసిన చప్పుడైంది. కిటికీ తెరుచుకుంది. పిండి అంటిన చేతులతో, తలకు పూలరుమాలు కట్టుకున్న ఒకావిడ బయటికి వంగి చూసింది. ఆ వాటాలో అద్దెకుండే నుర్గ్యుల్.

"మా సారా ఇంకా స్కూల్నుంచి రాలేదండీ!" అని అరిచింది. "మళ్లీ ఎవరింటి గంటన్నా కొట్టి పారిపోయిందా? మీరెవరు?"

తిర్త్సా నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. తర్వాత చేతికర్ర ఎత్తి గాలిలో ఊపింది.

"వచ్చాక చెప్పు," అని గట్టిగా అరిచింది. "ఆ పేరు మా అక్కదని చెప్పు. మీ పిల్ల అడిగే తీసుకుందని అక్కకు నేను చెబుతానులే!"

రైలుకు ఇంకా టైముంది. యోస్ట్ వ్యాన్ మాత్రం సంతలో క్యాబేజీల వెనక ఇరుక్కుని ఉంది. డెట్లెఫ్ మునిసిపాలిటీ వ్యాన్ వెనక తలుపు తెరిచి, పార పక్కకు తోసి, గోనెపట్ట మడిచి సీటు చేశాడు.

"ఎక్కండమ్మా," అన్నాడు.

"నన్ను నువ్వు అనొచ్చురా, వెధవా," అంది తిర్త్సా, చెయ్యి అందిస్తూ.