మందిరం గోడ మీది కాగితం

మా అన్నయ్య వీధి చివరి మందిరంలో ప్రార్థనలు చేయిస్తాడు. నేను ఊరి నీళ్ల ప్లాంటులో కెమిస్టుని. ఒకే ఇంట్లో పైవాటా ఆయనది, కిందివాటా నాది. "నీళ్లలో మందు మీ దేవుడు కలుపుతాడా, నేను కలపాలా?" అని నేను దెప్పని రోజు లేదు. ఆయన నవ్వి ఊరుకునేవాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండేది.

ఆ గురువారం మధ్యాహ్నం డ్యూటీ దిగి వచ్చేసరికి వదిన మెట్ల మీద కూలబడి ఏడుస్తోంది. పిల్లకి నిన్నటి నుంచి వాంతులు, విరేచనాలట. పైకి పరుగెత్తాను. అన్నయ్య ఆరేళ్ల కూతురు, నేను పిచ్చుకా అని పిలిచే పిల్ల, నా స్కూటర్ హారన్ మోగించందే బడికి కదలని పిల్ల, కళ్లు లోతుకు పోయి పడి ఉంది. అన్నయ్య పక్కన కూర్చుని మందిరం కుండలోని నీళ్లు చెంచాతో పడుతున్నాడు. పెదవులు కదులుతున్నాయి, ప్రార్థనే.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"చంపేస్తావా ఏంటి దాన్ని! దేవుడూ దేవుడూ అంటూ కూర్చుంటే రోగం తగ్గుతుందా? లే అవతలికి!"

"బాబాయ్, దాహం" అంది పిచ్చుక.

వదినని వెనక కూర్చోబెట్టుకుని, పిల్లని ఆమె ఒళ్లో పెట్టి ఆస్పత్రికి తీసుకెళ్లాను. సెలైన్ ఎక్కించడానికి నర్సుకి నరం దొరకలేదు. "నీళ్ల వల్ల వచ్చిందే. మీ వీధి నుంచి పొద్దుట్నుంచీ ఇది నాలుగో కేసు. బాగా ఆలస్యం చేశారండీ" అంది డాక్టరమ్మ.

ఆ కుండ నీళ్ల వల్లే, ఇవాళ అన్నయ్య సంగతి తేల్చేస్తాను అనుకున్నాను. టెస్టు కిట్టు పట్టుకుని మందిరానికి పోయాను. కుండలో నీళ్లు గాజు గొట్టంలో పోసి చుక్కల మందు వేశాను. క్లోరిన్ ఉంటే పసుపు తిరగాలి. తిరగలేదు. సిగ్గులేకుండా చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు సంతోషమే వేసింది. పక్కనే కుళాయి ఉంది. ఆ నీళ్లు పసుపెక్కితే రెండు గొట్టాలూ తీసుకెళ్లి ఆయన మొహం మీద పెట్టొచ్చు.

కుళాయి నీళ్లూ పసుపెక్కలేదు.

ప్లాంటుకు ఎలా వెళ్లానో నాకే తెలియదు. క్లోరిన్ మందు కలిపే పంపు గొట్టం పూడుకుపోయి ఉంది. ఒక్క చుక్క పడటం లేదు. ఎన్నాళ్లుగా? చెప్పేవాడు లేడు, ఎందుకంటే రోజూ చూడాల్సినవాణ్ణి నేనే. పదకొండేళ్లలో ఆ పంపు ఒక్కసారీ మొరాయించలేదు. అందుకని సోమవారం నాడే వారం మొత్తానికీ రీడింగులు రాసేసి, సంతకం పెట్టి, వీధికో కాపీ పంపేసేవాణ్ణి; మా వీధిది మందిరం గోడకి అంటించేవారు. ప్లాంటు గోడకి తగిలించిన కాగితంలో శుక్రవారం, శనివారం అంకెలు కూడా నా చేతిరాతలో నీటుగా ఉన్నాయి. ఇంకా గురువారమే.

సరఫరా ఆపించి, పై ఆఫీసరుకి ఫోన్లో ఉన్నదున్నట్టు చెప్పి, ఆస్పత్రికి తిరిగొచ్చాను. వదిన ఏడుపు గేటు దాకా వినబడుతోంది. పిచ్చుక మొహం మీద దుప్పటి కప్పేశారు.

అన్నయ్య వరండాలో బెంచీ మీద ఉన్నాడు. కాళ్ల దగ్గర కూలబడి అంతా చెప్పేశాను. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండేది.

"ఆస్పత్రికి తేకుండా కూర్చున్నది నేనురా. ఆ పాపం నాదే" అన్నాడు. తర్వాత జేబులోంచి మడిచిన కాగితం తీశాడు. మందిరం గోడ మీదిది. "మొన్న కుండ నీళ్లు అదోలా అనిపించాయి. కాచి పట్టమని మీ వదినతో అందామనుకున్నా. నీ సంతకం చూసి ఊరుకున్నాను."

కాగితం అందుకోబోయాను. ఆయన ఇవ్వలేదు.

"దేవుడి మీద నాకు ఎన్నిసార్లు అనుమానం వచ్చిందో నీకు తెలీదురా. అందుకే, నీ అంకెలైనా నమ్మొచ్చని, వారం వారం నీ కాగితం చదువుకునేవాణ్ణి. నీకు ఆ పంపు మీద ఒక్కసారి కూడా అనుమానం రాలేదా?"

"రాలేదు అన్నయ్యా."

ఆయన కాగితాన్ని పాత మడతల మీదే మడిచి నా జేబులో పెట్టి, పిల్ల దగ్గరికి లోపలికి వెళ్లాడు.