గోధుమచేలో సాక్సాల్ మొక్కలు

బీబీజాన్ చేలో గోధుమ జానెడెత్తు లేచింది. ఆ పొద్దున ట్రాక్టరు దాన్ని దున్నేసింది. ఊరంతా గట్టు మీద నిలబడి చూశాం.

"ఆపురా! పచ్చటి పైరు కండ్లకు కనిపిస్తలేదా?" అంటూ ఆమె ట్రాక్టరు వెంట పరిగెత్తింది.

కాంట్రాక్టరు తోలెగెన్ కాగితం ఊపాడు. "సర్కారు భూమి అక్కా, సర్కారే తీసుకున్నది. ఈడ అడవి వస్తది. సముద్రం ఎండినకాడి ఉప్పుదుమ్మును ఆపేది ఈ చెట్లే. మీ పిల్లల కోసమే."

నా పేరు ఒరిన్‌బాయ్. ఊరి కాలువ షట్టర్లు ఎత్తి దించే నీరటిని. ఉప్పునేలలో, ఇసుకలో బతికే ఆ సాక్సాల్ చెట్లకు మేం శత్రువులం కాదు. ఆ దుమ్ముకు దగ్గిదగ్గి బీబీజాన్ మొగుడు పోయాడు. ఎండిన సముద్రం అడుగున మూడు చలికాలాలు మేమే మొక్కలు నాటాం. కానీ అక్కడ పది పెడితే మూడు బతుకుతాయి. కాలువ కింద పెడితే పదీ నిలబడతాయి. పైవాళ్లు వచ్చినప్పుడు అడవి కనబడాలి కదా! పైగా మా చేలు అడవయితే మా వంతు కాలువ నీళ్లు తోలెగెన్ పత్తిచేలకు పోతాయి.

వారంలో మా చేలల్లో మొక్కలు నాటేశారు. నాటడం అయిపోయిన సాయంత్రం అందరం బడిలో కూడాం.

"చెట్లొద్దంటే మనల్నే ద్రోహులంటరు. ఇంకో అర్జీ పెడదాం" అన్నాడు ముసలి కుత్లిమురాత్. ఒకప్పుడు సర్కారు సామూహిక వ్యవసాయ క్షేత్రంలో పంటలు చూసిన మనిషి.

"నాలుగు పెట్టినం గద మామా! చదివిండా ఒక్కడన్న?" బీబీజాన్ లేచి నిలబడింది. "చెట్లు ఉప్పునేలల ఉండాలె. చేలల్ల తిండిగింజ ఉండాలె. పత్తి తగ్గాలె. గింత మాట చెప్పనీకి పెద్ద చదువు గావాల్నా?"

"సర్కారు పత్తి తగ్గాలన్నోడు జైలుకు పోతడు" అన్నారెవరో.

"పోదాం. ఆడ రొట్టెన్న పెడ్తరు."

చాలా రోజుల తర్వాత అందరం నవ్వాం.

మర్నాడు ఒక్క మొక్కనూ విరవలేదు. వేళ్లకు మట్టి రాలకుండా తవ్వి, తడిగోనెల్లో చుట్టి, గాడిదబండ్ల మీద సముద్రం అడుగుకు తీసుకెళ్లి నాటాం. చేలల్లో ఆడవాళ్లు బార్లీ చల్లారు. నేను షట్టరెత్తాను.

మూడోనాడు జీపులొచ్చాయి. అడవిని నాశనం చేశామని పదకొండుమందిని పట్టుకుపోయారు. నా కొలువు పోయింది. షట్టరుకు ఇనుప తాళం పడింది. బార్లీ వేలెడెత్తున ఎండిపోయింది. సముద్రం అడుగున పెట్టిన మొక్కల్లోనూ సగం మాడిపోయాయి. బతుకుతెరువుకు సగం ఊరు సరిహద్దు దాటి కజాకుల దేశం పోయింది.

వాళ్లలో బీబీజాన్‌కు మూడేళ్లు జైలు వేశారు. నాలుగో నెలలో శవాన్ని పంపారు. ఊపిరాడక పోయిందట. చప్పుడు చేయకుండా పూడ్చుకోండి అన్నాడు వెంట వచ్చిన పోలీసు.

మా దగ్గర ఆడవాళ్లు సమాధుల దాకా రారు. ఆ రోజు వచ్చారు. మట్టి కప్పడం అయ్యాక ఎవరూ ఇంటిదారి పట్టలేదు.

"పారలు కింద పెట్టకుండ్రి," అన్నాడు కుత్లిమురాత్. "షట్టరు తాళం కాడికి పోదాం."

"జీపులు ఆడనే ఉన్నయి మామా," అన్నారెవరో.

"కనబడ్తనే ఉన్నయి. నడువు."

గెలుస్తామని ఒక్కరమూ అనుకోలేదు. తడి మట్టి అంటిన పారలు భుజాన వేసుకుని, ఆడా మగా, కాలువ గట్టెక్కాం.