చింతపండు కాపలా

పాకాలలో మాఘం దాటి ఎండ చురుక్కుమంటే చాలు, కోమలికి ప్రాణం లేచొస్తుంది. మిద్దె మీద చింతపండు పరవాలి, కోతులు రాకుండా కాపలా ఉండాలి. ఆ ఎండలో కూర్చునే పనికి ఇంట్లో ఇంకెవరూ పోటీకి రారు. ఆమె చేతికర్ర పట్టుకుని, కొంగు చాటున నోటుబుక్కు పెట్టుకుని మెట్లెక్కేస్తుంది. "మా కోడలు కష్టానికి ఎనకాడదమ్మా" అని అత్త మునెమ్మ వీధంతా చెప్పుకుంటుంది. చింతపండు అయ్యాక మిరపకాయలు, తర్వాత వడియాలు, అవీ అయిపోతే ఆడబిడ్డను అడిగి మరీ తెప్పించుకున్న కందులు. పాపం, ఆ కందులు ఎప్పుడో ఎండిపోయినవే!

ఏం చేస్తుంది మరి? కింద ఆమె ఒక వాక్యం మొదలుపెడితే అది ముగిసేలోపు ఇంటిల్లిపాదికీ అవసరాలు పుట్టుకొస్తాయి. టీ, సాక్సులు, బీపీ మాత్ర, "మోటరు ఆపినావా మే?" పైన అలా కాదు. గాలికి ఒళ్లు తేలికపడుతుంది. కాట్పాడి బండి కూతేసి దూరమయ్యేదాకా ఒకే ఆలోచన వెంట పోవచ్చు. ఏడుపొస్తే ఏడవొచ్చు కూడా. ఆరేళ్ల కిందట ఏడవనివ్వని ఏడుపు ఆమెకు మొదటిసారి వచ్చింది ఆ మిద్దె మీదే, పెన్ను చేతిలో ఉండగా.

ఆరేళ్ల కిందట ఒకరోజు ఆడబిడ్డ అత్తవారు భోజనానికి వచ్చారు. కోమలికి నెలలు నిండాయి. నొప్పులొస్తున్నాయని చెబితే, "ఇస్తరాకులు ఏసేసినాము కదమ్మే, వడ్డించి పోదాం. నేను కనలేదా ఇద్దుర్ని?" అంది మునెమ్మ. గోడ పట్టుకుని నిలబడుతూ కోమలి సంగటి వడ్డించింది, కోడిపులుసు వడ్డించింది, అడిగినవాళ్లకు మారు వడ్డించింది. ఆస్పత్రికి చేరేసరికి లోపల బిడ్డ కదలడం మానేసింది. ఆడపిల్ల. మొహమైనా చూపించకుండా తీసుకుపోయి పూడ్చేశారు. "సచ్చి పుట్టినదానికి ఏడుపేంది, గమ్మునుండు. మగబిడ్డ ఉండాడు కదా" అన్నారు. గమ్మునే ఉంది. పిల్లలెంతమందని ఎవరడిగినా ఆమె నోరు తెరిచేలోపే "ఒకడే" అని ఇంట్లోవాళ్లు చెప్పేసేవాళ్లు.

ఈ వేసవిలో ఆమె రాసిన ఒక చిన్న కథ ఆదివారం పేపర్లో పడింది. భర్త ఢిల్లీబాబు మురిసిపోయాడు. చెడ్డవాడేం కాదు. "ఎండలో మాడతా రాసినావా ఇదంతా? పిచ్చిదానా!" అని హాల్లో టీవీ పక్కన బల్ల, కుర్చీ వేయించి ఫ్యాను బిగించాడు. ఆమెకు కొరతైంది బల్ల అనుకున్నాడు. వారం తిరగకుండానే ఆ బల్ల మీద ఇస్త్రీ బట్టలూ, పిల్లాడి పుస్తకాలూ చేరాయి. "ఊరికే కూర్చోనుండావు కదా, ఈ బియ్యం ఏరు" అని మునెమ్మ చేట తెచ్చి ముందు పెట్టేది.

అంత సందట్లోనూ ఒకరోజు ఆ బిడ్డ గురించి ఒక పేజీ రాయగలిగింది. ఢిల్లీబాబు వెనక నిలబడి చదివాడు.

"ఇదెందుకు కోమలీ? అమ్మ సదివితే ఏమైపోతాది? ఇంత బాగా రాసినావు, ఆ వడ్డించిన ముక్కొక్కటి తీసేయ్. నొప్పులు ఉన్నట్టుండి వచ్చినాయని రాయి."

కొట్టేసింది. చెయ్యి అతని మాట విని ఆ ముక్క కొట్టేసింది. ఆ గీత చూసుకుని తన మీద తనకే అసహ్యమేసింది. ఆనాడు పూడ్చింది వాళ్లు, ఈనాడు పూడ్చింది నేను అనుకుంది. మూడు రోజులు అన్నం సయించలేదు.

ఆషాఢం వచ్చింది. ఇంట్లో ఎండబెట్టడానికి ఏమీ లేవు. పది గంటలకు కోమలి నోటుబుక్కు చేత్తో పట్టుకునే మెట్ల దగ్గరికి నడిచింది.

"ఏం ఎండేసినావు పైన?" మునెమ్మ అడిగింది.

"ఏమీ ఎయ్యలేదత్తా. రాసుకునేదానికి పోతా ఉండా."

"అన్నమో?"

"ఆయనకు ఈపొద్దు సెలవే కదా, వండుతాడు."

ఢిల్లీబాబు పేపరు దించి, "ఆ సంగతైతే వద్దు కోమలీ, చెప్తా ఉండా" అన్నాడు. ఆమె మెట్లెక్కేసింది.

మబ్బు పట్టి ఉంది. గాలికి కాగితాలు లేస్తుంటే మోకాలితో అదిమిపెట్టుకుంది. కింద నుంచి రెండుసార్లు పిలిచారు. కళ్లు తుడుచుకుని, కొత్త పేజీలో రాయడం మొదలుపెట్టింది.

"నాకు ఇద్దరు పిల్లలు. పెద్దవాడు బడికి పోతాడు. చిన్నది నా కడుపులో పోరాడుతున్నప్పుడు, నేను మారు వడ్డిస్తున్నాను."